పడమటి కిటికీకి వెదురు తెర: కొలత మొదలు కప్పీ దాకా

పడమటి కిటికీ మీద రెండడుగుల సన్‌షేడ్ ఉంది కదా, ఎండ లోపలికి రాదులే అనుకుంటే పొరపాటు. తిరుపతిలో మే నెల మధ్యలో సాయంత్రం 4 గంటలకు పొద్దు దాదాపు 35 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అప్పుడు రెండడుగుల సన్‌షేడ్ నీడ కిటికీ మీద అడుగున్నరకు మించి దిగదు. 5 గంటలకు పొద్దు 20 డిగ్రీలకు వాలుతుంది, నీడ తొమ్మిది అంగుళాలకు తగ్గిపోతుంది. నాలుగడుగుల కిటికీలో మూడడుగుల పైన అద్దం నేరుగా ఎండకు కాగుతుంది. ఆ వేడి పట్టిన గోడ రాత్రి భోజనాలు అయ్యాక కూడా చల్లారదు.

దక్షిణపు కిటికీ సంగతి వేరు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం పొద్దు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటుంది. కాబట్టి మండే నెలల్లో దక్షిణపు కిటికీకి మధ్యాహ్నపు ఎండ తగలదు. చలికాలంలో తగులుతుంది గానీ అది ఎవరికీ బరువు కాదు. తూర్పు కిటికీకి పొద్దున పది దాకా పోరు ఉంటుంది. చేతిలో డబ్బు ఒక్క తెరకే ఉంటే పడమటికి పెట్టండి. రెండింటికి ఉంటే రెండోది తూర్పుకి. వాస్తు కోసమో అందం కోసమో ఉత్తరపు కిటికీకి కట్టించుకునేవాళ్ళు ఉంటారు, అది వాళ్ళిష్టం. ఎండకు మాత్రం దానితో పనిలేదు.

లోపలా, బయటా?

ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక తెర దాన్ని ఆపినా, వేడెక్కిన తెర ఆ వేడిని గదిలోకే వదులుతుంది. బయట కట్టిన తెర వేడెక్కితే గాలి దాన్ని బయటే తీసుకుపోతుంది. కాబట్టి వేడి తగ్గించడానికైతే తెర అద్దానికి బయటే ఉండాలి. లోపల కట్టేది చాటు కోసం, కళ్ళలో పడే వెలుగు తగ్గడం కోసం.

బయట కట్టడానికి ఒక చిక్కు ఉంది. మన ఇళ్ళలో కిటికీ రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, ఊచలు లోపలి వైపు ఉంటాయి. గోడకు ఆనుకుని తెర వేస్తే రెక్క తెరిచినప్పుడల్లా తెరను గుద్దుతుంది. ముందు రెక్క వెడల్పు కొలవండి. రెక్క 18 అంగుళాలు, సన్‌షేడ్ 24 అంగుళాలు అయితే తెరను గోడ నుంచి 20 అంగుళాల దూరంలో సన్‌షేడ్ అడుగున వేలాడదీయవచ్చు. రెక్క తిరగడానికి చోటు ఉంటుంది, తెరకు పైనుంచి కొంత వాన చాటూ దొరుకుతుంది. సన్‌షేడ్ అంత లేకపోతే రెక్కను పూర్తిగా గోడకు మడిచి గడియ పెట్టాకే తెర దించాలి. జరిగే అద్దాల కిటికీలకు ఈ గొడవ లేదు, గోడకు దగ్గరగానే బిగించుకోవచ్చు.

లోపల కట్టేటప్పుడు చూడాల్సింది దోమల మెష్ తలుపు. అది గదిలోకి తెరుచుకునే రకమైతే ఫ్రేము మధ్యలో తెర కుదరదు. ఫ్రేముకు పైన గోడమీద, పైకి చుట్టిన తెర అడుగు మెష్ రెక్క పై అంచు దాటి రెండు అంగుళాల ఎత్తున ఉండేలా కట్టాలి. తెర చుట్ట నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం ఉంటుందని మరచిపోకండి. ఐదడుగుల తెర గట్టిగా చుడితే నాలుగు అంగుళాలు, వదులుగా చుడితే ఆరు. పైకి చుట్టినప్పుడు అది మెష్ తలుపుకు అడ్డం పడకూడదు.

తడిక వేరు, తెర వేరు

మేదరి పనివాళ్ళ దగ్గర అల్లిన తడిక దొరుకుతుంది. అడ్డం నిలువు దబ్బలతో (చీల్చిన వెదురు బద్దలతో) అల్లుతారు కాబట్టి గట్టిగా ఉంటుంది, కానీ చుట్టుకోదు. పందిరి పక్కకో, మిద్దె మీద గోడ చాటుకో అది బాగుంటుంది. కిటికీకి కావాల్సింది అడ్డంగా పేర్చిన దబ్బల్ని నిలువు దారాలతో కట్టిన తెర. కొట్లలో దీన్నే బ్యాంబూ బ్లైండ్ అనో బ్యాంబూ చిక్ అనో అడగాలి. మేదరి వాళ్ళతో చెప్పేటప్పుడు 'చుట్టే తెర, దబ్బలు అడ్డంగా, దారం కట్టు' అని విడమరచి చెప్పండి. లేకపోతే తడిక వచ్చేస్తుంది.

సన్న పుల్లల తెరలు కూడా ఉంటాయి, అగ్గిపుల్ల మందంలో. అవి చూడడానికి నాజూగ్గా ఉంటాయి, లోపలికి బాగుంటాయి. బయట గాలికి రెండేళ్ళు ఆగడం కష్టం. బయటికి సెంటీమీటరు వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న దబ్బల తెర తీసుకోండి. దబ్బకూ దబ్బకూ మధ్య ఒకటి, ఒకటిన్నర మి.మీ. సందు ఉంటే గాలి ఆడుతుంది, ఎండ చుక్కలు చుక్కలుగా మాత్రమే పడుతుంది. ఈ లెక్కన ఐదడుగుల పొడవు తెరకు సుమారు 135 దబ్బలు పడతాయి.

కొనేముందు తెరను నేలమీద పరచి నాలుగు చూడండి.

మొదటిది దారం. ఎక్కువ తెరల్లో ముందు పోయేది వెదురు కాదు, దాన్ని పట్టి ఉంచిన దారం. నూలు దారం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే మన వానలకు నాని కుళ్ళుతుంది. నైలాన్ ఎండకు పెళుసెక్కి పొడిపొడి అవుతుంది. బయట కట్టే తెరకు పాలియెస్టర్ దారం అడగండి. నిలువు కట్టు వరస ఐదారు అంగుళాలకు ఒకటి ఉండాలి, చివరి వరస అంచు నుంచి రెండు అంగుళాల లోపే ఉండాలి. దూరమైతే దబ్బ చివరలు వంగి దువ్వెన పళ్ళలా బయటికి పొడుచుకొస్తాయి.

రెండోది కణుపులు. దబ్బల కణుపులన్నీ ఒకే చోట ఒక వరసలో పడితే చుట్టినప్పుడు అక్కడ ఉబ్బుతుంది, చుట్ట ఒక పక్కకు జారిపోతుంది. కణుపులు చెల్లాచెదురుగా పడి ఉండాలి. మూడోది చుట్టి చూడడం. కింద నుంచి పైదాకా చేత్తో చుట్టండి. రెండు అంచులూ సమంగా ఉంటే సరే. ఒక అంచు అంగుళానికి మించి బయటికి పొడుచుకొస్తే దారం బిగువు సమంగా లేదు. అలాంటి తెర వేలాడదీశాక రోజూ ఒక పక్కకే ఎక్కుతుంది, దానికి మందు లేదు. కొనకండి.

నాలుగోది పురుగు. నల్లగుడ్డ కిందవేసి తెరను తట్టండి. గోధుమపిండిలాంటి మెత్తటి పొడి రాలితే, దబ్బ లోపలి వైపు గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే పుచ్చు పట్టినట్టే. ఎంత చవకగా ఇచ్చినా వద్దు, ఇంట్లో ఉన్న కర్రసామానుకూ ఎక్కుతుంది.

సొంత పొలం గట్టున వెదురు ఉంటే దానితోనే తెర కట్టించుకోవచ్చు. అడవికి బయట పెరిగిన వెదురును చెట్టు కింద లెక్కకట్టకుండా 2017లో కేంద్ర అటవీ చట్టాన్ని సవరించారు. శేషాచలం అడవిలోంచి తెచ్చేది మాత్రం నేరమే. మూడేళ్ళు దాటిన బొంగు కొట్టించాలి. లేత బొంగు మీద తెల్లటి బూడిదలాంటి పూత, పొట్టు అంటుకుని ఉంటాయి, ఎండాక అది ముడుచుకుని వంకరపోతుంది. ముదిరిన బొంగు మీద పాచి మచ్చలు ఉంటాయి, కత్తి వెనక వైపుతో తడితే ఖంగుమంటుంది. కొట్టే కాలం వానలు వెళ్ళాక, డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. బొంగులో ఉండే పిండిపదార్థం కోసమే పుచ్చుపురుగు వస్తుంది, కొత్త మొలకలు వేసే వానాకాలంలో కొడితే దాన్ని పిలిచినట్టే.

కొలత

ఉదాహరణకు 4×4 అడుగుల కిటికీకి బయట కట్టే తెర తీసుకుందాం. వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి ఎక్కువ వచ్చింది రాసుకోండి. గోడ మట్టం నమ్మకండి, అర అంగుళం తేడా పాత ఇళ్ళలో మామూలే. దానికి రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు కలపండి: 4 అడుగుల 8 అంగుళాలు. ఎత్తుకు పైన నాలుగు, కింద ఎనిమిది అంగుళాలు కలపండి: 5 అడుగులు. పక్కల ఆ నాలుగు అంగుళాలు లేకపోతే పొద్దు వాలేటప్పుడు ఎండ పక్కసందుల్లోంచి కత్తిలా గదిలో పడుతుంది. తెర గోడకు 20 అంగుళాల దూరంలో ఉంటే పక్కల ఇంకా ఎక్కువ, ఎనిమిదేసి అంగుళాలు కలపాలి.

ఫ్రేములోపల బిగించేదైతే లెక్క తిరగబడుతుంది. మూడు కొలతల్లో తక్కువది తీసుకుని అందులోంచి అర అంగుళం తీసేయండి.

ఈ సైజు తెర ఎండు వెదురుతో, పై పట్టెతో కలిపి నాలుగు కిలోలకు అటూఇటూ తూగుతుంది. ఆరడుగుల వెడల్పు దాటితే ఒక్క తెర వద్దు. బరువుకు మధ్యలో పొట్ట దిగుతుంది, ఒక్కరు లాగలేరు. బాల్కనీకి పది అడుగులు కావాలంటే ఐదడుగుల ఒక అంగుళం చొప్పున రెండు తెరలు పక్కపక్కన కట్టి, మధ్యలో రెండు అంగుళాలు ఒకదానిమీద ఒకటి పడేలా కాస్త ముందువెనకలుగా బిగించండి.

కొట్లో చదరపు అడుగు లెక్కన ధర చెప్తారు. తాడు, కప్పీలు, బిగింపు అందులో కలిసినవా కాదా అని బేరానికి ముందే అడగండి, తర్వాత అడిగితే అన్నీ విడిగానే ఉంటాయి.

మందు పెట్టడం

ఎక్కువమంది వదిలేసే పని ఇదే. వెదురుకు సహజంగా పురుగును ఆపే శక్తి లేదు. వార్నిష్ ఒక్కటి కొడితే చాలనుకుంటారు, కానీ పురుగు గుడ్డు అప్పటికే లోపల ఉంటే వార్నిష్ దానికి దుప్పటి కప్పినట్టే. ముందు మందు, ఎండాక వార్నిష్. వరస తిప్పితే మందు వార్నిష్ దాటి లోపలికి దిగదు.

మందు రెండు వస్తువుల కలయిక: బోరిక్ పొడి, వెలిగారం. క్యారంబోర్డు మీద చల్లే పొడి తెచ్చే ముందు అట్టపెట్టె చదవండి, అది బోరిక్ యాసిడే అని రాసి ఉంటేనే పనికొస్తుంది. పది లీటర్ల నీళ్ళకు బోరిక్ పొడి 200 గ్రాములు, వెలిగారం 300 గ్రాములు. చన్నీళ్ళలో సరిగా కరగవు, అడుగున గడ్డ కడతాయి. మూడు లీటర్లు బాగా కాచి దించి, అందులో రెండూ కరిగేదాకా కర్రతో కలిపి, తర్వాత మిగతా ఏడు లీటర్లు పోయండి. వంటకు వాడే గిన్నె వద్దు. చేతులకు గ్లౌజులు, పిల్లలు దగ్గర లేకుండా చూసుకోవాలి.

తెర కట్టించకముందు దబ్బలు మీ చేతికే వస్తే పని సులువు. నాలుగు అంగుళాల పీవీసీ గొట్టం ఐదడుగుల ముక్క తెచ్చి, ఒక చివర మూత అంటించి నిలబెడితే అందులో 13 లీటర్ల దాకా పడుతుంది. దబ్బల్ని కట్టలుగా నిలువునా దించి మందునీళ్ళు పోసి 24 గంటలు నాననివ్వండి. తీసి నీడలో వారం ఆరబెట్టండి. మిద్దె మీద నేరుగా ఎండలో వేస్తే పై చెక్కు, లోపలి గుజ్జు వేర్వేరు వేగంతో ఎండి దబ్బ విల్లులా వంగుతుంది.

తయారైన తెరకైతే బ్రష్షే గతి. మన ఉదాహరణ తెరకు రెండు లీటర్ల మందు చాలు, అంటే 40 గ్రాముల బోరిక్, 60 గ్రాముల వెలిగారం. రెండు వైపులా రెండు పూతలు, మొదటిది ఆరాక రెండోది. దబ్బ లోపలి వైపు, అంటే తెల్లగా మెత్తగా ఉండే వైపు ఎక్కువ తాగించండి. నున్నటి పైచెక్కు మందు తాగదు, పురుగు కూడా అటునుంచి తొలవదు. దబ్బల కోసిన చివరల్లో మాత్రం మూడుసార్లు అద్దండి, పురుగుకు సింహద్వారం అదే. ముందే రంగు వేసి ఉన్న తెర అయితే చివరల్ని ఉప్పు కాగితంతో రుద్ది, అక్కడైనా మందు పట్టించండి.

మిగిలిన మందునీళ్ళు తులసి కుండీలోనో పూలమొక్కల్లోనో పోయకండి, బోరాన్ ఎక్కువైతే మొక్క ఆకుల అంచులు మాడి చస్తుంది. అల్మరా వెనక చెక్కలకో, తలుపు చట్రం అడుగుకో పూసేయండి.

ఈ మందు నీళ్ళలో కరిగేది కాబట్టి వానకు కొట్టుకుపోతుంది. దాన్ని లోపలే ఆపడానికే వార్నిష్. బయటికి పనికొచ్చే పాలియురితేన్ రకం లీటరు డబ్బా ఈ తెరకు రెండు వైపులా రెండు పూతలు వస్తుంది. మొదటి పూతకు డబ్బా మీద చెప్పిన టిన్నర్ కలిపి పలచగా, రెండోది యథాతథంగా. బ్రష్షు దబ్బ పొడవునా లాగండి, అడ్డంగా కాదు. అడ్డంగా లాగితే సందుల్లో వార్నిష్ నిండి దబ్బలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, తర్వాత చుట్టబోతే పటపటమని దారాలు తెగుతాయి. పూత చేతికి అంటని దశకు రాగానే తెరను ఒకసారి మెల్లగా చుట్టి విప్పితే అతుకులు ఊడిపోతాయి. ఈ పని ముసురు పట్టిన రోజు పెట్టుకోవద్దు, పూత పాలలా తెల్లబడుతుంది.

వేలాడదీయడం

మన 4 అడుగుల 8 అంగుళాల తెరకు కావలసినవి ఇవీ. పై పట్టెకు 1×2 అంగుళాల చెక్క రీపరు తెర వెడల్పంత ఒకటి. అడుగున బరువుకు అంగుళం మందం గుండ్రటి బొంగు ఒకటి. ఒంటి కప్పీ ఒకటి, జంట కప్పీ ఒకటి. తాడు చుట్టే కొమ్ముల కొక్కెం ఒకటి. రీపరు వెనక తాడు కట్టడానికి రింగు స్క్రూలు రెండు, గోడకు వేసే కొక్కేలు మూడు, వాటికి 8 మి.మీ. ప్లగ్గులు. 4 మి.మీ. పాలియెస్టర్ అల్లిక తాడు 11 మీటర్లు. ఇనుప సామాను తుప్పు మరకలు వెదురు మీద కారుతాయి, పోవు. స్టీలువి లేదా గాల్వనైజ్డ్‌వి తీసుకోండి.

1. తెర పై అంచును రీపరుకు మేకులతో కొట్టకండి, దబ్బ చీలుతుంది. రీపరు చుట్టూ ఒక చుట్టు తిప్పి, నిలువు దారాల వరసల దగ్గర సన్న స్టీలు తీగతో కట్టండి. నున్నటి పైచెక్కు బయటికి, గుజ్జు వైపు ఇంటికి ఉండాలి. పైచెక్కు మీద నీళ్ళు నిలవవు.

2. కింది అంచుకు గుండ్రటి బొంగు అలాగే కట్టండి. చుట్ట దీని మీదే తిరుగుతుంది. ఇది లేని తెర పైకి లాగితే నలిగిన చాపలా వస్తుంది.

3. రెండు అంచుల నుంచి ఎనిమిదేసి అంగుళాలు లోపలికి గుర్తు పెట్టండి. రీపరు వెనక వైపు ఆ గుర్తుల్లో రింగులు, ముందు వైపు అవే గుర్తుల్లో కప్పీలు. మీరు ఏ పక్క నిలబడి లాగుతారో ఆ పక్క జంట కప్పీ.

4. తాడును వెనక రింగుకు ముడివేసి, తెర వెనకగా కిందికి దించి, అడుగు బొంగు కిందుగా ముందుకు తెచ్చి, పైకి తీసుకెళ్ళి కప్పీలోంచి లాగండి. దూరపు పక్క తాడు ఒంటి కప్పీ దాటి అడ్డంగా వచ్చి జంట కప్పీ రెండో చక్రంలోంచి రావాలి. దగ్గరి తాడు పద్నాలుగు అడుగులు, దూరపుది పదిహేడు అడుగులు పడుతుంది. చుట్ట ఎప్పుడూ కప్పీలున్న వైపే ఏర్పడుతుంది, కాబట్టి అటు చోటు ఉందో లేదో బిగించే ముందే చూసుకోండి.

5. గోడమీద మట్టం గీయడానికి సన్‌షేడ్ అంచును కొలమానం చేసుకోకండి. నీళ్ళు జారడానికి దానికి వాలు పెట్టి ఉంటారు. రసమట్టం వాడండి, లేకపోతే మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబు. అర అంగుళం వాలు ఉన్నా తెర ఆ పక్కకే చుట్టుకుంటుంది.

6. లింటెల్ కాంక్రీటులో డ్రిల్ చేసేటప్పుడు పై ప్లాస్టరింగ్ అర అంగుళం పోను లోపల అంగుళంన్నర దిగాలి, మొత్తం రెండు అంగుళాల రంధ్రం. ప్లాస్టరింగ్‌లో మాత్రమే ఆగిన ప్లగ్గు మొదటి గాలివానకే ఊడి వస్తుంది. డ్రిల్ ఒక చోట గీమని ఆగిపోతే కమ్మీ తగిలింది, బలవంతం చేయకుండా అంగుళం పక్కకు జరగండి. రంధ్రంలో దుమ్ము ఊదేయకుండా ప్లగ్గు కొడితే పట్టు దొరకదు. సన్‌షేడ్ అడుగున వేస్తున్నట్లయితే అంచుకు నాలుగు అంగుళాల లోపల వేయండి, అంచులోనే వేస్తే కాంక్రీటు పెచ్చు లేస్తుంది.

7. రీపరును మూడు కొక్కేలకు వేలాడదీసి, తాళ్ళ చివరలు రెండూ సమంగా పట్టి, తెర పూర్తిగా దించి, బిగువు సరిచూసుకుని, అప్పుడు కొమ్ముల కొక్కేన్ని నేల నుంచి ఐదడుగుల ఎత్తున బిగించండి. రెండు తాళ్ళ చివరల్ని కలిపి ముడివేయకండి. ముడివేసిన తాడు ఉరిలా వేలాడుతుంది, పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం. తెర పైకి ఎత్తినప్పుడు ఒక్కో తాడు పది అడుగుల దాకా చేతికి వస్తుంది, అంతా కొక్కేనికి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టేయాలి. కిటికీ కింద ఊయల, మంచం ఉంటే వేరే పక్కకు జరపండి.

పై అంతస్తు కిటికీకి బయట కట్టిన తెరను లోపలి నుంచి లాగాలంటే తాడు మెష్ దాటి రావాలి. మెష్‌కు కన్నం పెడితే దోమలకు దారి. కిటికీ ఫ్రేము మూలలో అర అంగుళం గొట్టం వేయించి అందులోంచి తాడు తీసుకునేవాళ్ళు ఉన్నారు. నిజం చెప్పాలంటే, పై అంతస్తుకు బాల్కనీ ఉంటే బాల్కనీ బీముకే తెర వేయడం మేలు, అన్ని తిప్పలూ తప్పుతాయి.

గ్యాస్ పొయ్యికి ఎదురుగా ఉన్న వంటింటి కిటికీకి వెదురు తెర వద్దు. జిడ్డు పట్టిన వెదురు మంట తగిలితే ఆగదు. దీపారాధన చేసే గూటి పక్క కిటికీకీ ఇదే మాట.

వాన, గాలి, కోతి

అడుగు బొంగు రెండు చివరలకూ రింగులు వేసి, గోడకు కొక్కేలు పెట్టి తగిలిస్తే మామూలు గాలికి తెర కొట్టుకోదు. కానీ వాయుగుండం వస్తోందని విన్న రోజు అలా తగిలించి వదిలితే తెర తెరచాపలా ఉబ్బి దారాలు వరసగా తెగుతాయి. అలాంటి రోజు పూర్తిగా పైకి చుట్టి, చుట్టను మధ్యలో ఇంకో తాడుతో కట్టేయండి. తిరుపతిని ముంచెత్తిన 2021 నవంబరు వానలాంటిది వస్తుందని తెలిస్తే కొక్కేల నుంచి దించి లోపల పెట్టుకోవడమే. అందుకే మూడు కొక్కేలకు వేలాడదీయమన్నది, స్క్రూలతో రీపరును గోడకు బిగించమనలేదు.

తడిసిన తెరను ఎప్పుడూ చుట్టకండి. తడిసిందా, కిందికి దించి ఆరేదాకా వదిలేయండి. తడి చుట్ట రెండు రోజుల్లో లోపల బూజు పడుతుంది, నల్ల మచ్చలు వస్తాయి. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు, కుప్పం వైపు వెళ్తే వేడి తక్కువే గానీ మంచు, చలి ఎక్కువ. అక్కడ చలికాలంలో తెల్లవారి తెర మీద తేమ ఉంటుంది, పొద్దెక్కాకే చుట్టాలి.

అలిపిరి, కపిలతీర్థం దగ్గరి ఇళ్ళకు కోతుల సంగతి చెప్పనక్కర్లేదు. తెర మీద ఎక్కడం దానికి నిచ్చెన ఎక్కినట్టే. ఆ వైపు ఇళ్ళలో బయట తెర వేయాలంటే ఊచల గ్రిల్లు వేసిన బాల్కనీ లోపలే వేయండి. బయటే కావాలంటే వేలాడే తాడు చివర ఒక్క జానెడు కూడా వదలొద్దు, మొత్తం కొక్కేనికి చుట్టేయాలి. ఎప్పుడూ పైకే చుట్టి ఉంచిన తెరలో పిచుకలు, కందిరీగలు గూడు పెడతాయి, ఉడతలు దారం పీకి పట్టుకుపోతాయి. వాడకం లేని నెలల్లో కూడా వారానికోసారి దించి విదిలించండి.

రాత్రి లోపల దీపం వెలిగితే బయటివాళ్ళకు తెర సందుల్లోంచి లోపల కనిపిస్తుంది. పగలు కనిపించలేదు కదా అని ధీమా పడేవాళ్ళు ఎక్కువ. పడక గదికి తెర వెనక లేత రంగు నూలుగుడ్డ ఒకటి విడిగా కట్టుకోండి. తెరకే కుట్టేస్తే తడి ఆరదు, చుట్ట లావెక్కుతుంది.

చెడితే ఎక్కడ చూడాలి

ఒక పక్క ముందు ఎక్కుతోందంటే సాధారణంగా రెండు తాళ్ళ పొడవు తేడా. తెర పూర్తిగా దించి, వదులుగా ఉన్న తాడును వెనక రింగు దగ్గర విప్పి బిగించండి. అయినా ఎక్కుతుంటే పై రీపరు మట్టం చూడండి. లాగడం బరువైతే తాడు కప్పీ చక్రం పక్క సందులో ఇరుక్కుని ఉంటుంది, లేదా 4 మి.మీ. కప్పీకి 6 మి.మీ. తాడు వేసి ఉంటారు. చక్రానికి కొవ్వొత్తి మైనం రుద్దండి, నూనె వద్దు, దుమ్ము పట్టి గట్టిపడుతుంది. తాడు కొక్కెం మీంచి జారుతుంటే అది నున్నటి నైలాన్ తాడు అయి ఉంటుంది, అల్లిక తాడుకు మార్చాలి.

కింద పిండి రాలితే తెర దించి, ఆ దబ్బ ఏదో పట్టుకోండి. ఒకటి రెండు దబ్బలైతే తీసి కాల్చేసి, చుట్టుపక్కల దబ్బల రంధ్రాల్లోకి బోరిక్ మందును సిరంజితో ఎక్కించండి. తెర అంతా రాలుతుంటే అది దాని అంతం.

దుమ్ముకు మెత్తటి బ్రష్షు, పైనుంచి కిందికి. నెలకోసారి గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల సబ్బు వేసి పిండిన గుడ్డతో తుడవండి. గొట్టంతో నీళ్ళు కొట్టి కడిగితే మందు పోతుంది, దారం నానుతుంది. బయటి తెరకు వార్నిష్ మెరుపు తగ్గి నీళ్ళు బొట్లుగా నిలవకుండా దబ్బలోకి ఇంకడం మొదలైందంటే మళ్ళీ ఒక పూత కొట్టాలి. దానికి మంచి కాలం సంక్రాంతి దాటాక, ఎండ ముదరక ముందు.

దబ్బ ఒకటి విరిగితే తెర మొత్తం విప్పక్కర్లేదు. అడుగు బొంగు దగ్గర దారాల ముడులు వదులు చేసి, విరిగినదాన్ని పక్కకు లాగేసి, అదే వెడల్పు కొత్త దబ్బను మందు పట్టించి ఆరాక తోయండి. నిలువు దారమే తెగితే ఆ ఒక్క వరసను కొత్త దారంతో పైనుంచి కిందిదాకా తిరిగి కట్టాలి, మధ్యలో ముడులేసి అతికిస్తే చుట్ట అక్కడ ఎత్తుగా వస్తుంది.

తాడు ముందుగా అరిగేది కప్పీ మీద ఆనే చోట. అక్కడ పోగులు లేచాయంటే తెగేదాకా ఆగకండి. వెనక రింగు దగ్గర ముడి విప్పి, పాత తాడు ఆ చివరకు కొత్త తాడును దారంతో కుట్టండి, ముడి వేయొద్దు, ముడి కప్పీలో ఇరుక్కుంటుంది. తర్వాత కింద నుంచి పాత తాడును లాగితే కొత్తది దాని వెంటే తెర వెనకగా దిగి, అడుగు బొంగు చుట్టి, కప్పీలోంచి మీ చేతికి వస్తుంది. కొత్త తాడు రెండో చివర రింగుకు ముడివేయడం ఒక్కటే మిగులుతుంది.